ఎనభై ఎడమ చేతులు

మా మేనత్త అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. అందరికీ ఆవిడ అర అత్తయ్య. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. పిలిస్తే కోప్పడేది కాదు సరికదా, ఎవరో సభలో బిరుదిచ్చినట్టు మురిసిపోయేది. నాకు ఆ పేరు వింటే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్లు మండేది, ఇప్పుడు రెండూ కలిసి వస్తాయి.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో కటింగ్ మాస్టర్. అక్కడ పద్నాలుగు మిషన్ల మీద పద్నాలుగు మంది కుడుతుంటారు. వాళ్లందరికీ పని అందించేది మా అత్తయ్య ఒక్కతే. పొడవాటి బల్ల మీద బట్టను ఒకదాని మీద ఒకటి నలభై పొరలు పరుస్తుంది. పైపొర మీద అట్టముక్కలు పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, కరెంటు కత్తితో నలభై చొక్కాల ముక్కలు ఒక్కసారే కోస్తుంది. తాళంచెవి తిప్పగానే ఆ కత్తి కంటికి ఆననంత వేగంగా పైకీ కిందికీ కొట్టుకుంటుంది. దాని దగ్గర ఎడమచేతికి ఇనప తీగతో అల్లిన గ్లౌజు వేసుకోవాలి. ఆవిడకు ముందు ఆ బల్ల దగ్గరున్న మాస్టరుకు వేళ్లు లెక్కపెడితే ఎనిమిదిన్నర వచ్చేవట. మా అత్తయ్యకు పాతికేళ్లయినా పదీ పదిలంగా ఉన్నాయి. కొత్తవాళ్లెవరు పరిచయమైనా ముందు చేతులు చాపి చూపించేది. వాళ్లు ఏదో అడుగుతోందనుకుని కంగారుపడేవాళ్లు.

ఇక ఆ అర సంగతి. బల్ల చివర ఒక రేకు డబ్బా ఉండేది. అందులో విడిగుండీలు, విరిగిన సూదులు, వాటి మధ్య కాగితంలో చుట్టిన చిన్న తెల్ల బిళ్లలు. కంగారు తగ్గించి నిద్ర పట్టించే బిళ్లలు అవి. షెడ్డులో ఎవరికి మనసు బాగోలేకపోయినా నేరుగా ఆ డబ్బా దగ్గరకు వచ్చేవాళ్లు. అత్తయ్య ఒక బిళ్ల తీసి, రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి టక్కున విరిచేది. కోతలో చేయి తిరిగిన మనిషి కదా, పొడి కూడా రాలేది కాదు. ఒక అర వచ్చినవాళ్లకి, రెండో అర తర్వాత రాబోయేవాళ్లకి.

"ఏం పర్లేదే, ఈ అర వేసుకుని పడుకో. పొద్దున్నకి అన్నీ అవే సర్దుకుంటాయి" అనేది.

ఆ మాట ఎంత ప్రేమగా అనేదంటే, బిళ్ల నాలుక మీద పెట్టకముందే సగం భయం పోయేది. కాలర్లు కుట్టే ఆవిడను మేం కాలర్ వదిన అంటాం. కొడుకు ఉద్యోగం పోయినప్పుడు ఆవిడకు అర ఇచ్చింది. కొడుక్కి వేరే ఉద్యోగం వచ్చి మూడేళ్లయినా అర మాత్రం ఆగలేదు. ఇస్త్రీ బాబాయి మోకాళ్ల నొప్పికి వేసుకునేవాడు. మోకాలికీ ఆ బిళ్లకీ సంబంధమేమిటని అడిగితే, "నొప్పి పోదమ్మా, నొప్పి సంగతి గుర్తుండదు" అన్నాడు. బడివాళ్లు సరుకు చూడ్డానికి వచ్చే రోజున ఓనరు గారు కూడా పిల్లిలా వచ్చి డబ్బా మూత తీసేవారు. నాకు ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగానికి పరీక్షప్పుడు మొదటి అర ఇచ్చింది. హాయిగా నిద్రపోయాను, పరీక్ష పాసయ్యాను. "నువ్వేం చదివావే, అంతా నా అర మహిమ" అని వీధంతా చాటింది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ తీసుకున్నాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

ఆవిడకు అవి ఎలా అలవాటయ్యాయో కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా ఆవిడదే అనుకుంటారు. మా మామయ్య బస్సు కండక్టరు. పదకొండేళ్ల కిందట ఒకరోజు డ్యూటీకి వెళ్లి, బస్సులోనే గుండె ఆగిపోయాడు. అత్తయ్య అందరిముందూ ఏడవలేదు. వారం తిరక్కుండానే బల్ల దగ్గర నిలబడింది. కానీ కన్ను మూతపడేది కాదు. నిద్రలేని కళ్లతో ఆ కత్తి పట్టుకుంటుంటే చూడలేక మా నాన్నే చెల్లెల్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. ఆయన చీటీ మీద రోజుకొకటి చొప్పున పదిహేను రోజులకు రాసిచ్చాడు. పదిహేను రోజులూ బాగా నిద్రపోయింది. పదహారో రోజు పట్టలేదు. వీధి చివర మందుల కొట్టాయనకు అదే చీటీ చూపిస్తే మళ్లీ ఇచ్చాడు. తర్వాత మళ్లీ. చీటీ మడతల దగ్గర చిరిగిపోతోందని జిరాక్సు షాపులో లామినేషన్ చేయించుకొచ్చింది! అప్పటినుంచి కొట్టాయన అది చదవడం కూడా మానేశాడు. ఆ మెరుపు దూరంనుంచి కనిపిస్తే చాలు, చేయి బీరువా అరలోకి పోయేది.

ఏళ్లు గడిచేసరికి ఆవిడకు ఒకటి చాలలేదు, ఒకటిన్నర అయింది. అయినా ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"పదిహేను రోజులకే కదే రాసింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తా."

ఇంతకీ నా పని ఏమిటంటే, ఇంటింటికీ తిరిగి ఆరోగ్య కాగితాలు నింపడం. బీపీ ఉందా, చక్కెర ఉందా, నీళ్లు కాచి తాగుతున్నారా అని అడిగి గళ్లలో రాసుకుంటాను. ఆ ఏడాది కాగితంలో కొత్తగా ఒక గడి చేర్చారు. నిద్రకు గాని ఆందోళనకు గాని మాత్రలు వాడుతున్నారా అని. మా వీధిలో అరవై రెండు ఇళ్లు. అరవై రెండు ఇళ్లలోనూ లేదనే చెప్పారు. కాలర్ వదినైతే గడప మీదే చేతులు అడ్డంగా ఊపేసింది.

"మాత్రలా? ఛ, నాకేం ఖర్మ! నేను అర వేసుకుంటా, అంతే."

నేను నవ్వి, లేదు అని రాసుకున్నాను. తప్పు అక్కడ జరిగింది. మా వాళ్ల దృష్టిలో మందంటే మొత్తం బిళ్ల. అర అంటే పక్కింటివాళ్లు చేబదులిచ్చే పంచదార లాంటిది, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. మా అత్తయ్య రోజుకు ఒకటిన్నర మింగుతూ కూడా లేదనే రాయమంది. రాశాను. మేం ఉండేది ఆ ఇంట్లోనే, పై అంతస్తులో. మా ఇంటి గడిలోనూ లేదని రాసి కాగితాలు అప్పజెప్పాను.

మా కేంద్రంలో పెద్ద నర్సమ్మ ఉంది. ఆవిడ కళ్లజోడు మీదినుంచి చూసిందంటే కాళ్లూ చేతులూ ఆడవు. నా కాగితాలు తిరగేసి, "మీ వీధి చివర మందుల కొట్టు ఉంది కదా. చుట్టుపక్కల నాలుగు పేటల్లో ఈ బిళ్లలు ఎక్కువ అమ్ముడుపోయేది ఆ కొట్టులోనే. నీ కాగితంలో చూస్తే సున్నా. మరి ఆ బిళ్లలన్నీ పావురాలు తింటున్నాయా అమ్మాయ్?" అంది.

ఆవిడ గొంతు తగ్గించి చాలాసేపు చెప్పింది. ఈ బిళ్లలు కొన్నాళ్లకే పనికొస్తాయట. ఏళ్ల తరబడి వాడితే ఒళ్లు వాటికి అలవాటుపడిపోతుందట. మతిమరుపు వస్తుంది, మనిషి తూలుతుంది, చేసే పని మీద చూపు నిలవదు. "తాగుబోతు అయితే నలుగురికీ తెలుస్తాడు. వీళ్లు ఎవరికీ తెలియరు. టైముకి లేస్తారు, పనికి పోతారు, మర్యాదగా మాట్లాడతారు. అందుకే ఎవరూ పట్టించుకోరు" అంది. నాకు మా అత్తయ్య కళ్లముందు కదిలింది. అయినా కిమ్మనలేదు. ఇంటి గుట్టు ఆఫీసులో విప్పుతామా అనుకున్నాను. నాకు అప్పట్లో అదే పెద్ద మర్యాదగా కనిపించింది.

అప్పటికే అత్తయ్యలో తేడా వచ్చింది. కత్తెర ఫ్రిజ్జులో పెట్టి ఇల్లంతా వెతికేది. చెప్పిందే చెప్పేది. మధ్యాహ్నం పూట బల్లకు ఆనుకుని నిలబడే కునుకు తీసేది. ఒకసారి గ్లౌజు చూపుడువేలి దగ్గర మూడు తీగలు తెగి కనిపించాయి. ఏమిటిదని అడిగితే, "తుప్పు పట్టిందే" అంది. ఇనుము అంత తెల్లగా మెరుస్తుంటే తుప్పేమిటి? ఆ వేలికీ కత్తికీ మధ్య ఇక మిగిలింది తెగని తీగలే.

అప్పుడు ఎనభై చేతుల గొడవ వచ్చింది.

ఆ రోజు బట్ట ముదురు గోధుమరంగు ట్విల్లు. పోప్లిన్ లాంటి బట్టయితే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దీనికి ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు వెలవెలబోతుంది, అందుకని కోసిన ముక్కను తిరగేసి వాడటం కుదరదు. నలభై పొరలూ నిగనిగలాడే వైపు పైకి వచ్చేలా పరిచింది. చొక్కా చెయ్యి అట్ట పెట్టి గీసింది. ఇక్కడ కొత్తగా పని నేర్చుకునేవాళ్లకు మొదటిరోజే ఒకటి చెప్తారు. ఒక చెయ్యి గీశాక అట్టను తిరగేసి రెండోది గీయాలి, లేకపోతే రెండూ ఒకే చేతికి వస్తాయి. పాతికేళ్లుగా ఆ మాట అందరికీ చెప్పింది మా అత్తయ్యే. ఆ రోజు అట్ట తిరగేయలేదు. పక్కకు జరిపి గీసేసి కత్తి నడిపింది.

నేను బీపీ చూసే పని మీద ఆ మధ్యాహ్నం షెడ్డులోనే ఉన్నాను. కాలర్ వదిన ఒక చెయ్యి అతికించి, రెండోది పెట్టి, తిప్పి, మళ్లీ తిప్పి, ఇంకో కట్టలోంచి ఇంకోటి తీసి చూసింది. ఆవిడ మిషను ఆగింది. ఆ పక్కది ఆగింది. వరసగా పద్నాలుగూ ఆగిపోయాయి.

"అక్కా, ఒక్కసారి ఇటు వస్తావా? కుడి చేతులు కనపడటం లేదు."

అత్తయ్య వచ్చి చూసింది. కట్ట విప్పి బల్ల మీద పరిచింది. నలభై చొక్కాలకు ఎనభై ఎడమ చేతులు. ముందు పకపకా నవ్వింది. "ఈసారి అన్నీ ఎడమచేతివాటం పిల్లలకేనే!" అంది. అందరూ నవ్వారు. నవ్వుతూనే గ్లౌజు ఊడదీసి తన ఎడమచేతి వంక చూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి లెక్కపెట్టుకుంది. ఐదూ ఉన్నాయి. అప్పుడు ఆవిడ ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"అట్ట తిరగేసినట్టే ఉందే నాకు" అంది నాతో, చిన్నపిల్లలా. "తిరగేశాననే అనుకున్నా."

తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది. కాలర్ వదిన లేచి వచ్చి అత్తయ్య భుజం చుట్టూ చేయి వేసింది. రెండో చేత్తో తన పర్సులోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. "బెంగపడకు అక్కా. ఇదిగో, ఒక అర వేసుకో" అంది. ఇస్త్రీ బాబాయి చొక్కా జేబులోంచి ఇంకో పొట్లం తీశాడు. గుండీలు కుట్టే అమ్మాయి ఇంకోటి. అన్నీ అత్తయ్య పంచినవే. అందరూ దాచుకున్నవి తెచ్చి ఎంతో ప్రేమగా ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ వాటిని చూసి, వాళ్ల ముఖాలు చూసి, బల్ల మీద తల ఆనించుకుని భోరుమంది. మామయ్య పోయినప్పుడు ఏడవని మనిషి.

చేతుల సంగతి షెడ్డువాళ్లే సర్దారు. పొడుగు చేతులు కాస్తా పొట్టి చేతులు చేశారు. ఎడమవి నలభై ఊరికే కురచ చేసేశారు. మిగతా నలభైనీ అట్ట కిందికి జరిపి, తిరగేసి, కుడివైపుకు వచ్చేలా మళ్లీ కోశారు. బడివాళ్లకు ఓనరు ఫోన్ చేసి ఈ ఏడాది ఎండలెక్కువ, పొట్టి చేతులే మంచిదని ఒప్పించారు. ఆయన మాటకారి. కానీ సాయంత్రం అత్తయ్య దగ్గరకు వచ్చి చేయి చాపారు.

"కత్తి తాళంచెవి ఇటివ్వండి మాస్టరమ్మా. గుడ్డ పోతే ఇంకో తాను కొనుక్కుంటా. మీ వేలు పోతే నేనెక్కడ తేను?"

అత్తయ్య ఇచ్చేసింది. మర్నాటి నుంచి గుండీల దగ్గర కూర్చుంది. ఆ బల్ల మళ్లీ దక్కుతుందో లేదోనన్న దిగులు ఒక్కటే ఆవిడకు. ఆ బల్ల తప్ప ఇంకేం వద్దు.

మొండిఘటం కదా, ఆ రోజే బిళ్లలన్నీ మానేసింది, ఒక్కసారిగా. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుంటే కాఫీ అంతా నేలపాలు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట, గడియారం చప్పుడు కూడా భరించలేకపోతోంది. నేను పరుగున ఆటో తెచ్చి మా కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, నా ఈడుదే. పదకొండేళ్ల కథంతా ఓపిగ్గా విని, "ఇలా ఒక్కసారి మానకూడదమ్మా, ఫిట్స్ కూడా రావచ్చు. మళ్లీ మొదలుపెట్టి, మేం చెప్పిన కొలత ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. చాలా నెలలు పడుతుంది" అంది.

"మానాలంటే మళ్లీ వేసుకోవాలా?" అని అత్తయ్య ముక్కున వేలేసుకుంది. మళ్లీ తనే అర్థం చెప్పుకుంది. "అవునులే. తప్పు కుట్టు పడితే మేమూ లాగి చింపం. ఒక్కో పోగే విప్పుతాం."

బిళ్లలు ఆవిడ దగ్గర ఉంచకూడదని, ఇంట్లో ఒకరు దాచి రోజూ లెక్కగా ఇవ్వాలని చెప్పారు. ఆ ఒకరు నేనే అయ్యాను. లామినేషన్ చీటీ కూడా ఆవిడ చేతికి చిక్కకుండా నా బ్యాగులో పెట్టేసుకున్నాను. ఒకటిన్నర నుంచి ఒకటింబావు, ఒకటింబావు నుంచి ఒకటి. తగ్గించిన ప్రతిసారీ వారం పది రోజులు ఇల్లు నరకం. నామీద మూతి ముడిచేది, మా నాన్నతో పోట్లాడేది, పాత రేడియో మీద కూడా అరిచింది. "పావే కదే, పావు ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అని బతిమాలేది. నేను కరగలేదు. నిజానికి కరిగాను, ఇవ్వలేదు. రాత్రిళ్లు కింద గదిలో ఆవిడ అటూ ఇటూ నడుస్తుంటే, పైన నేను ఆ అడుగులు లెక్కపెడుతూ పడుకునేదాన్ని.

ఇంకో కష్టం కూడా వచ్చిపడింది. షెడ్డు డబ్బాలో ఇప్పుడు బిళ్లలు లేవు. వచ్చి అడిగినవాళ్లతో లేదని చెప్పడం ఆవిడకు బిళ్ల మానడం కంటే కష్టమైంది. పదకొండేళ్లుగా అడిగినవాళ్లకు లేదనని చేయి అది. ఇస్త్రీ బాబాయి రెండు వారాలు మాట్లాడటం మానేశాడు. కాలర్ వదిన, "మాకు అలవాటు చేసింది నువ్వే, ఇప్పుడు నీతులు చెప్పేదీ నువ్వేనా అక్కా?" అని మొహం మీదే అంది. అత్తయ్యకు తల కొట్టేసినట్టయింది.

"అలవాటు చేసింది నేనే. కాదన్నానా? అందుకే నేనే తీసుకెళ్తా. గురువారం పద" అంది.

గురువారం అంటే డాక్టరమ్మ ఈ పని కోసం కూర్చునే రోజు. మొదటి గురువారం అత్తయ్య ఒక్కతే. రెండు నెలలకు కాలర్ వదిన వచ్చింది, కొరకొరా చూస్తూనే. తర్వాత ఇస్త్రీ బాబాయి వచ్చాడు. మోకాలికి అసలు మందు రాయించుకుని, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అని తనను తానే తిట్టుకున్నాడు. ఒకరోజు ఓనరు గారు కూడా టోపీ ముక్కు మీదికి లాక్కుని ఎవరూ గుర్తుపట్టరనుకుంటూ వరసలో నిలబడ్డారు. అందరూ గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ఊరుకున్నారు. పెద్ద నర్సమ్మ నన్ను కళ్లజోడు మీదినుంచి చూసి, "పావురాలన్నీ వచ్చినట్టున్నాయే" అంది.

పది నెలలు పట్టింది. ఆఖరి పావులో పావు కూడా మానేశాక ఒక నెల ఆగి, కత్తి పట్టుకోవచ్చని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. మర్నాడు అత్తయ్య కొత్త గ్లౌజు కొనుక్కుని నన్ను కూడా షెడ్డుకు లాక్కెళ్లింది. నా చేతిలో ఆ ఏడాది కొత్త కాగితాలున్నాయి. ఈసారి ఆ గడిలో మాటలు నర్సమ్మను ఒప్పించి నేనే మార్పించాను. ఒకటి గాని, అర గాని, పావు గాని, కొన్నది గాని, ఎవరైనా ఇచ్చింది గాని అని. మా వీధిలో ముప్పై ఒక్క ఇళ్లు తేలాయి.

మిషన్లన్నీ ఆగి ఉన్నాయి, ఆవిడ బల్ల దగ్గరకు వెళ్లడం అందరూ చూడాలని. ఓనరు డాక్టరమ్మ కాగితం చదివారు. తాళంచెవి జేబులోంచి తీశారు, కానీ గుప్పిట తెరవలేదు.

"మాస్టరమ్మా, నన్ను తప్పుగా అనుకోవద్దు. నిన్న మందుల కొట్టాయన చెప్పాడు. మీ చీటీ మీద బిళ్లలు ఇంకా పోతున్నాయట. పోయిన వారం కూడా. ఇలా ఉంటే నేను కత్తి ఎలా ఇవ్వను?"

అత్తయ్య ఓనరు వంక చూడలేదు. నా వంక చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. కొట్టాయన ఆవిడతోనూ అన్నాడని, ఆవిడకు ముందే తెలుసని ఆ క్షణంలో నాకు అర్థమైంది. తెలిసీ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు కూడా అనేలా లేదు. తల దించుకుని మెల్లగా గ్లౌజు ఊడదీసుకోసాగింది.

"సరే బాబూ. గుండీలే కుడతాలే" అంది.

పది నెలలు పోగు పోగుగా విప్పుకుని, ఇనప గ్లౌజు కొనుక్కుని, ఆ బల్ల దాకా వచ్చిన మనిషి. నన్ను నలుగురిలో పట్టివ్వడం ఇష్టంలేక వెనక్కి తిరిగిపోతోంది. అంతవరకూ నా ఉద్యోగం పోతుందేమో, నర్సమ్మ ఏమంటుందో అని లెక్కలు వేసుకుంటున్న నా బుర్ర ఒక్కసారి ఆగిపోయింది.

"అవి అత్తయ్య కొనలేదండీ. నేను కొన్నాను" అన్నాను.

బ్యాగులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. పాత అలవాటుకొద్దీ అది తళతళ మెరిసింది. మొదట ఒక్కరోజే అనుకున్నాను. కింద ఆవిడ నడుస్తుంటే పైన నాకు నిద్ర పట్టక, ఆవిడకు ఇవ్వడానికి నేను లెక్కపెట్టి దాచిన బిళ్లలు ముట్టుకోకూడదని, చీటీ పట్టుకుని కొట్టుకు వెళ్లాను. కొట్టాయన ఒక్క మాట అడగలేదు. అరే కదా అనుకున్నాను. నాలుగుసార్లు వెళ్లాను. ఊళ్లో వాళ్లందరి గడులూ నింపుతూ, అర వేసుకుంటున్నాననే సంగతి నాకు నేనే చెప్పుకోలేదు. ఇదంతా అక్కడే, ఆ పద్నాలుగు మిషన్ల ముందు చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను, ఎంతవరకు అర్థమైందో తెలియదు.

ఎవరూ పొట్లం తీసి ఇవ్వలేదు. అదొక్కటి గమనించాను. కాలర్ వదిన తన కుర్చీ లాక్కొచ్చి నన్ను కూర్చోబెట్టింది.

ఓనరు గుప్పిట విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టారు. అత్తయ్య వెంటనే తీసుకోలేదు. ముందు పెద్ద కత్తెర అందుకుని ఆ చీటీని అడ్డంగా, నిలువుగా, మళ్లీ అడ్డంగా కోసింది. లామినేషన్ కదా, గట్టిగా చప్పుడైంది. ముక్కలు డబ్బాలో గుండీల మీద పోసి మూత పెట్టింది. అప్పుడు నా చేతిలో కాగితాలు చూపించింది.

"మనింటి గడిలో ఏం రాశావే?"

"లేదని" అన్నాను.

"కొట్టేసి రాయి. ముందు నీది సరిగ్గా రాయి, తర్వాతే మిగతావాళ్ల సంగతి."

కొట్టేసి రాశాను. అక్షరాలు గడి దాటిపోయాయి. అత్తయ్య గ్లౌజు మళ్లీ తొడుక్కుని, నలభై పొరల మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. చెయ్యి అట్ట పెట్టి గీసింది. అట్టను పైకెత్తి, అందరికీ కనపడేలా తిరగేసి, రెండోది గీసింది. కత్తి తాళం తిప్పేముందు నావైపు చూడకుండానే అంది.

"ఎల్లుండి గురువారం. పెందలాడే తయారవ్వు. నేను కూడా వస్తా."